సున్నా వారం బుల్లిబాబు గారు

శకకర్తలు అనదగ్గవాళ్ళు మన దేశంలో అరుదు. విక్రమార్కుడి పేరు మీద ఒక శకం ఉంది, శాలివాహనుడి పేరు మీద ఒకటి ఉంది. ఆ తరవాత దాదాపు రెండు వేల ఏళ్ళపాటు ఆ పదవి ఖాళీగా ఉండి, చివరకు హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ నాలుగో అంతస్తులో, కాఫీ యంత్రానికి ఎడమవైపు మూడో కుర్చీలో భర్తీ అయింది. ఆ కుర్చీలో కూర్చునేవారు బుల్లిబాబు గారు. ఆయన స్థాపించినది సున్నా వారం.

సున్నా వారమంటే ఒకటో వారానికి ముందుది. ఏ పనైనా, ఏ మనిషైనా నేరుగా ఒకటో వారంతో మొదలవడం అనాగరికమని ఆయన మతం. ముందొక సున్నా వారం ఉండాలి. అందులో జరిగిందేదీ లెక్కలోకి రాకూడదు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకునేవారు. కళ్ళజోడు తీశారంటే ఎదుటివాడు కనీసం పావుగంట కదలడానికి లేదు.

ఈ మతం పుట్టింది అమెరికాలో. బుల్లిబాబు గారు మాత్రం పుట్టింది అమలాపురం దగ్గర, ఉండేది తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తులో. అమెరికాలో రైతుల పంటలకు, పశువులకు బీమా చేసే ఒక కంపెనీకి ఇక్కడి నుంచి కంప్యూటర్లు చూసిపెట్టే మా టీముకు ఆయన లీడు. 2017 ఆగస్టులో ఆయన్ని మూడు వారాలకు ఆ బీమా కంపెనీ ఉన్న ఊరికి పంపారు. అక్కడ హెరాల్డ్ అనే పెద్దాయన, మా పనులన్నీ చూసే అధికారి, మొదటి శనివారమే ఈయన్ని కారెక్కించుకుని ఊళ్ళో కాలేజీ జట్టు ఫుట్‌బాల్ ఆటకు తీసుకెళ్ళాడు.

కాలేజీ ఆట అంటే బుల్లిబాబు గారి ఊహలో ఇరవై ఇద్దరు కుర్రాళ్ళు, ఒక పీఈటీ మాస్టారు, చప్పట్లు కొట్టడానికి హాస్టల్ నుంచి ఊరికి వెళ్ళలేకపోయినవాళ్ళు. అక్కడ చూస్తే నలభై వేల మంది కూర్చున్నారు. ఊరి జనాభా ముప్ఫై వేలు. మిగతా పదివేల మంది ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే, పక్క ఊళ్ళ నుంచి పొలం పనులు ఆపుకుని వచ్చారని హెరాల్డ్ చెప్పాడు. పేరు ఫుట్‌బాల్ కాని, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతున్నారు. కాలితో తన్నేది వేరే దారి లేనప్పుడే. ఇవన్నీ ఆయన సహించారు. ఆయన్ని కదిలించింది హెరాల్డ్ చెప్పిన ఇంకో సంగతి. సెప్టెంబరు మొదటి సోమవారం వాళ్ళకు కార్మిక దినం సెలవు. ఆ వారాంతంలో దేశమంతటా కాలేజీల ఆటలు మొదలవుతాయి. అది ఒకటో వారం. కొన్ని జట్లు మాత్రం అంతకు ముందు శనివారమే ఆడేస్తాయి. దాన్ని సున్నా వారం అంటారు.

బుల్లిబాబు గారు పాతికేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నారు. ప్రోగ్రాముల్లో లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. ఇంటికొస్తే పాల ప్యాకెట్ల నుంచి పెళ్ళిరోజుల దాకా అన్నీ ఒకటి నుంచి మొదలవడం ఆయన్ని లోలోపల బాధిస్తూ ఉండేదట. ఒక దేశం దేశమే తనలాగా సున్నా నుంచి లెక్కపెడుతుందని తెలిసి ఆయన ఆ నలభై వేల మందిలో లేచి నిలబడ్డారు. వెనకాలవాళ్ళు కూర్చోమన్నారు.

అప్పటి నుంచి ఆ జట్టు ఆయన జట్టు. వాళ్ళ చొక్కాలు వంకాయ రంగులో ఉంటాయి కనుక మా ఆఫీసులో వాళ్ళను వంకాయలు అనేవాళ్ళం. వంకాయలు గెలిచిన దాఖలాలు తక్కువ.

తెల్లాపూర్ ఫ్లాటు గృహప్రవేశానికి కూడా ఆయన సున్నా వారం పెట్టారు. ముహూర్తానికి సరిగ్గా వారం ముందు భార్యను, పాలగిన్నెను, బర్నర్ స్టవ్వును తీసుకెళ్ళి పాలు పొంగించే రిహార్సల్ చేయించారు. పాలు పొంగలేదు, అడుగంటాయి. పుణ్యవతి గారు గిన్నె తోముకుంటూ ఉంటే, "చూశావా, అందుకే సున్నా వారం ఉండాలనేది" అన్నారు.

"మన పెళ్ళికి పెట్టుకోవలసిందండి. ఆ వారంలోనే తెలిసిపోయేది" అన్నారు పుణ్యవతి గారు.

ఆఫీసులో కొత్త కాఫీ యంత్రం వచ్చినప్పుడు వారంపాటు దాన్ని ఎవరూ విమర్శించకూడదని ఆయన కాగితం అంటించారు. ఎనిమిదో రోజున మేమంతా విమర్శించాం. ఆయనే ముందు విమర్శించారు.

అయితే ఈ మతానికి అసలు గుడి కొత్తగా చేరేవాళ్ళ కుర్చీ. మా టీములో ఎవరు చేరినా, చేరిన రోజు పొద్దున్నే ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడి, కళ్ళజోడు తీసి ఒకే మాట చెప్పేవారు: "ఈ వారం మీరింకా చేరలేదండి. వచ్చే సోమవారం చేరతారు. ఈలోగా ఏం పాడుచేసుకుంటారో నిదానంగా పాడుచేసుకోండి. లెక్కలోకి రాదు. అమెరికాలో కూడా అంతే."

నాకూ అలాగే చెప్పారు, 2018 జూలైలో. చెప్పిన మూడో రోజున నేను ఒక జిల్లాలోని పాడి రైతులందరినీ మరణించినవారి జాబితాలోకి ఎక్కించాను. రెండు గంటల తరవాత బుల్లిబాబు గారు వచ్చి వాళ్ళందరికీ పునర్జన్మ ఇచ్చారు. ఆయన కాఫీ తెచ్చి పెట్టి, "పార్థసారథి గారూ, మీరింకా చేరలేదు కదండీ" అని గుర్తుచేసి వెళ్ళిపోయారు. మహేశ్ అని గోపన్‌పల్లి కుర్రాడు, నా తరవాత ఏడాదికి చేరాడు. అతను మొదటి వారంలో క్లయింటు గడియారాన్ని మన కాలమానానికి మార్చేశాడు. ఆ పూట అమెరికాలో ఆ కంపెనీ మొత్తం మర్నాటిలో పనిచేసింది. అతనికీ ఏమీ కాలేదు. సున్నా వారంలో జరిగినవాటిని ఎక్కడా రాయరని, అదొక ఏర్పాటని మేమంతా నమ్మాం.

ఇక్కడ బుల్లిబాబు గారి గురించి ఒక అప్రియమైన విషయం కూడా చెప్పాలి. ఆయన పనిలో మహా అజాగ్రత్త మనిషి. ఇది నా అభిప్రాయం కాదు, రికార్డు. తప్పు జరిగితే అది ఎలా జరిగింది, ఎవరివల్ల జరిగింది అని రాసే ఫారాన్ని మా దగ్గర ఆర్‌సీఏ అంటారు. ఏడాదికోసారి ఎవరి పేరు మీద ఎన్ని ఆర్‌సీఏలు ఉన్నాయో గోడ మీది పెద్ద తెర మీద వేస్తారు. వివరాలు వేయరు, పేరూ అంకే. ఏటా మొదటి పేరు బుల్లిబాబు గారిదే. ఎనిమిదేళ్ళలో నలభై మూడు. రెండో స్థానంలో ఉన్నవాడికి ఐదు.

ఆ తప్పులు ఎక్కువగా జూలై, ఆగస్టు నెలల్లో పడేవి. దీని మీద మేం కాంటీనులో చాలా పరిశోధన చేశాం.

"కొత్తోళ్ళు అప్పుడే జాయినైతరు గదన్నా. వాళ్ళకు నేర్పుకుంట నేర్పుకుంట సార్ తన పని ఖరాబ్ చేస్కుంటడు" అని మహేశ్ తేల్చాడు. అందరం ఒప్పుకున్నాం. ఇంజనీరింగ్ చదివిన పదహారు మంది బుర్రలు కలిస్తే తేలిన సిద్ధాంతం అది. ఆయనకు ప్రమోషన్ రాకపోవడానికి కూడా అదే కారణమని జాలిపడ్డాం. పక్క టీముల లీడులు పైకి వెళ్ళిపోయారు. ఆయన కాఫీ యంత్రానికి ఎడమవైపు మూడో కుర్చీలోనే ఉండిపోయారు.

నిరుడు జూన్‌లో మాకు అనిల్ గారని కొత్త క్వాలిటీ హెడ్ వచ్చారు. ముప్ఫై ఎనిమిదేళ్ళవారు, అమెరికాలో ఎమ్మెస్ చేసినవారు. మర్యాదస్తులు. అబద్ధం చెప్పరు, ఇంకొకరు చెప్తే ఆగలేరు. ఆయన వచ్చీ రాగానే ఒక నిబంధన తెచ్చారు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళ తప్పు క్లయింటును దాటి వాళ్ళ ఖాతాదారుల దాకా వెళ్తే, ఆ ఉద్యోగం అక్కడితో ముగుస్తుంది. క్షమాపణకు ఫారంలో చోటు లేదు.

ఆగస్టు మూడో సోమవారం రేఖ చేరింది. చేవెళ్ళ పక్క ఊరి అమ్మాయి, తండ్రికి టమాటా తోట. పుప్పాలగూడలో హాస్టల్లో ఉండేది. బుల్లిబాబు గారు వెళ్ళి కళ్ళజోడు తీసి, ఆమె ఇంకా చేరలేదని తెలియజేశారు. ఆ అమ్మాయి కంగారుగా బ్యాగులోంచి ఆఫర్ లెటర్ తీసి చూపించింది.

గురువారం మధ్యాహ్నం ఆమెకు ఒక చిన్న పని ఇచ్చారు. ఒక ఈమెయిల్ టెస్ట్ జాబితాకు పంపి, చేరిందో లేదో చూసుకోవాలి. టెస్ట్ జాబితాలో నలుగురుంటారు, నలుగురూ మావాళ్ళే. దాని కిందనే ఉండే జాబితాలో పదకొండు వందల నలభై మంది అమెరికా రైతులుంటారు. రేఖ కిందది నొక్కింది. ఈమెయిల్‌లో ఇంగ్లీషులో ఉన్నది రెండే ముక్కలు: నేను రేఖను. ఇది మీకు చేరిందా, దయచేసి చెప్పండి.

శుక్రవారం పొద్దున మేం వచ్చేసరికి అరవై ఒక్క మంది చెప్పారు. "చేరింది, రేఖ గారూ. ఈ వైపు వానల్లేవు. మీ దగ్గరెలా ఉంది?" అని ఒకాయన. "చేరింది. నా మనవరాలు చదివి వినిపించింది" అని ఇంకొకాయన. ఒక ముసలావిడ తన సోయాబీన్ చేను ఫొటో కూడా జతచేసింది.

రేఖ ఆ ఫొటో వంక చూస్తూ కూర్చుంది.

"సార్, రూలు చదివిన నేను. ఇగ నా నౌకరీ పోయినట్టే గద" అంది బుల్లిబాబు గారితో.

"ఎలా పోతుందమ్మా, నువ్వింకా చేరందే."

"గట్ల గాదు సార్. మా అన్న ఆటో నడుపుతడు. ఆర్నెల్లు సవారీలు ఇడిసిపెట్టి నన్ను కోచింగ్‌కు దింపి తీస్కపోయిండు. నాలుగు దినాలకే పోయిందంటే ఇంట్ల ఏం చెప్పాలె?"

"సున్నా వారంలో జరిగిందేదీ ఉద్యోగానికి తగలదమ్మా. అమెరికాలో నలభై వేల మంది మధ్య కూర్చుని విన్నాను నేను. ఆదివారం ఇంటికి రా, ఆట చూద్దువుగాని" అని ఆయన ఆర్‌సీఏ ఫారం నింపుకోవడానికి వెళ్ళిపోయారు.

ఏటా సున్నా వారం ఆట చూడటానికి ఆయన ఇంటికి మమ్మల్ని పిలవడం ఆచారం. కొత్తగా చేరినవాళ్ళు తప్పనిసరి. నిరుడు వంకాయలు పసిఫిక్ దీవుల్లో ఒక జట్టుతో ఆడటానికి వెళ్ళారు. అక్కడ శనివారం సాయంత్రమైతే మనకు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర, అంటే టిఫిన్ల వేళ. నేను, మహేశ్, రేఖ వెళ్ళాం. అనిల్ గారు కూడా రెండు నెలల కిందటే చేరారు కనుక, బుల్లిబాబు గారి లెక్కలో ఆయనా కొత్తవారే. ఆయన పండ్ల బుట్టతో వచ్చారు. రేఖ ఆయన్ని చూసి సోఫా చివరికి జరిగి, అక్కడి నుంచి ఇంకా జరగడానికి చోటు లేక ఆగింది.

బుల్లిబాబు గారు వంకాయ రంగు చొక్కా వేసుకుని టీవీ పక్కన నిలబడి ఆట వివరించారు. "ఇందులో ఏమీ లేదండి. నాలుగు ప్రయత్నాలిస్తారు. నాలుగింట్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ఇస్తారు. వెళ్ళకపోతే బంతి వాళ్ళది."

"పది గజాల కోసం ఇంతమంది కొట్లాడుతున్నరా?" అన్నాడు మహేశ్.

"అవునండి."

"మా గోపన్‌పల్లిల గూడ గంతే సార్. కాకపోతే హెల్మెట్లు పెట్టుకోరు."

పుణ్యవతి గారు పెసరట్లు తెచ్చి, తెర మీద ఒక మనిషి మీద ఆరుగురు పడి ఉండటం చూసి, "అడుగునున్న పిల్లాడు లేస్తాడాండీ?" అని అడిగారు. లేచాడు. ఆవిడ తృప్తిపడి వంటింట్లోకి వెళ్ళారు. ప్రతి ఏడూ ఆవిడ చూసే ఆట అంతవరకే.

ఆ రోజు వంకాయలు తమ చరిత్రకు తగ్గట్టుగానే ఆడారు. మొదటి పావుగంటలో బంతి రెండుసార్లు జారవిడిచారు. విడిచిన ప్రతిసారీ బుల్లిబాబు గారు చట్నీ వడ్డిస్తూ, "పర్లేదండి, సున్నా వారం" అన్నారు. అవతలివాళ్ళకు ఇరవై ఒక్క పాయింట్లు వచ్చాయి, వీళ్ళకు ఇంకా ఏమీ రాలేదు.

రేఖ మొదటిసారి నోరు విప్పింది. "అంటే సార్, గీ ఆట ఓడిపోయినా వాళ్ళకేం గాదా?"

"ఏమీ కాదమ్మా. వచ్చే వారం నుంచే లెక్క."

"అవుతుంది" అన్నారు అనిల్ గారు.

ఆయన పెసరట్టు ముక్క తుంచుతూ, చాలా మామూలుగా అన్నారు. అందరం ఆయన వైపు తిరిగాం.

"సారీ బుల్లిబాబు గారూ. నేను అక్కడే చదివాను కదా, మా కాలేజీ కూడా ఆడేది. సున్నా వారం అనేది తేదీ మాత్రమే. ఆ ఆటా లెక్కే. ఓడితే ఓడినట్టే రికార్డులోకి వెళ్తుంది. ఆ ఒక్క ఓటమి వల్ల డిసెంబరులో పెద్ద ఆటలకు పిలుపు పోగొట్టుకున్న జట్లున్నాయి."

టీవీలో బ్యాండు మోగుతూ ఉంది. ఎనిమిదేళ్ళు నిలబడిన ఒక మతం, దాని మూల గ్రంథం చదివినవాడు వచ్చి ఒక వాక్యం అంటే కూలిపోవడం నేను కళ్ళారా చూశాను. బుల్లిబాబు గారు కళ్ళజోడు తీశారు. ఏదో చెప్తారనుకున్నాం. తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"తమరు చదివిన చోట అలా ఉండొచ్చండి. ఇంకో అట్టు వేయించనా?" అన్నారు.

రేఖ చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టింది. హాస్టల్లో పని ఉందని చెప్పి వెళ్ళిపోయింది. వంకాయలు ముప్ఫై ఎనిమిది – మూడుతో ఓడిపోయారు. కిందికి దిగుతూ లిఫ్టులో మహేశ్, "పాపం, సార్‌కు అసలు సంగతి తెల్వనే తెల్వదన్నా. ఎన్నేండ్ల నుంచి గట్లనే నమ్ముతున్నడో" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకు రేఖ అనిల్ గారి గదిలోకి వెళ్ళి నిలబడింది. తరవాత ఇద్దరూ నాకు చెప్పినదాన్ని బట్టి మాటలు ఇలా జరిగాయి.

"సార్, రైతులకు ఈమెయిల్ పంపింది నేనే. సున్నా వారం లెక్కకు రాదన్నరు గని, వస్తదని మీరే చెప్పిన్రు గద. అందుకే చెప్తున్న."

అనిల్ గారు ఆమె వంక చూసి, బల్ల మీది ఫారం వంక చూశారు. ఎవరివల్ల జరిగింది అన్న గడిలో బుల్లిబాబు గారి పేరు ఉంది. నింపింది శుక్రవారం పొద్దున.

ఇంకొకరైతే ఆ ఒక్క ఫారంతో ఆగేవారు. అనిల్ గారు ఆగే మనిషి కాదు. తప్పు జరిగిన క్షణంలో ఎవరి లాగిన్ నుంచి జరిగిందో కంప్యూటర్లో చూశారు, అది రేఖదే. ఆ తరవాత అనుమానం వచ్చి, బుల్లిబాబు గారి పేరు మీద ఉన్న మిగతా నలభై మూడు ఫారాలూ ఒక్కొక్కటే తెరిచారు. పది గంటలకు నన్ను పిలిచారు.

"పార్థసారథి గారూ, మీరు చేరింది ఎప్పుడు?"

"2018 జూలై తొమ్మిది."

"జూలై పదకొండున నాలుగు వందల మంది పాడి రైతులు చనిపోయారు. గుర్తుందా?"

నేను కూర్చున్నాను. ఆయన తెర నా వైపు తిప్పారు. నా లాగిన్, నా సమయం, నా ఘనకార్యం. పక్కన, ఎవరివల్ల జరిగింది అన్న గడిలో, బుల్లిబాబు. దాని కింద మహేశ్ గడియారం. దాని కింద ఇంకొకరిది, ఇంకొకరిది. నలభై మూడుకు నలభై మూడూ మావే. ఏ ఒక్కటీ ఆయనది కాదు. ఎనిమిదేళ్ళలో ఆయన సొంతంగా చేసిన తప్పు ఒక్కటి కూడా లేదు. కాంటీనులో పదహారు మంది ఇంజనీర్లు చేసిన పరిశోధన నాకు గుర్తొచ్చింది. దాని గురించి ఇంతకు మించి రాయడం నాకు ఇష్టం లేదు.

బయటికొచ్చి మహేశ్‌కు చెప్పాను. అతను లేచి అనిల్ గారి గది ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నానికి, పక్క టీములకు మారినవాళ్ళతో కలిపి, అక్కడ పందొమ్మిది మంది నిలబడ్డారు, తమ మొదటి వారపు తప్పు తమ పేరు మీదికి మార్చుకోవడానికి. ఆఫీసులో తప్పు నాది కాదని నిలబడ్డవాళ్ళను చూశాం కాని, నాదేనని వరసకట్టడం అదే మొదలు. సెక్యూరిటీ నర్సింహ వచ్చి, "ఏమన్నా పంచుతున్నరా సార్?" అని అడిగి, కాసేపు తనూ నిలబడ్డాడు.

అనిల్ గారు బుల్లిబాబు గారిని పిలిపించారు. తలుపు తీసే ఉంది కనుక అందరం విన్నాం.

"ఇన్నేళ్ళు మీ పేరెందుకు రాశారు?"

"ఆ గడి ఖాళీ వదిలితే సిస్టం ఫారం తీసుకోదండి."

"అది కాదు. దీనివల్ల మీకు ప్రమోషన్ రాలేదు."

"వస్తే పై అంతస్తుకి పంపేస్తారటండి. అక్కడ కొత్తవాళ్ళెవరూ చేరరు. ఏం చెయ్యను మరి?"

అనిల్ గారు తన నిబంధనల కాగితం తీసి మళ్ళీ చదివారు. ఆయన కష్టం ఆయనది. ఒక ఫారంలో తప్పు పేరు ఉందని తేలితే, ఆ పేరు మీద ఉన్న అన్ని ఫారాలూ తిరగదోడి అసలువాళ్ళ మీద చర్య తీసుకోవాలి. అదీ ఆయన తెచ్చిన నిబంధనే. ఆ నలభై ముగ్గురిలో ఒకరు ప్రవీణ గారు. ఆవిడ మొదటి వారంలో క్లయింటు సెలవుల జాబితాలోంచి వాళ్ళ స్వాతంత్ర్య దినాన్ని తీసేశారు. ఇప్పుడు ఆవిడ మా వైస్ ప్రెసిడెంటు. అనిల్ గారిని ఇంటర్వ్యూ చేసి ఉద్యోగంలోకి తీసుకున్నది ఆవిడే.

సాయంత్రం హెరాల్డ్‌తో కాల్ ఉంది. ఈమెయిల్ వెళ్ళింది ఆయన రైతులకే కనుక, ఆయన ఎవరి తప్పని అడిగితే అసలు పేరు చెప్పక తప్పదు. రేఖను కూడా కూర్చోబెట్టారు. ఆమె దుపట్టా కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. హెరాల్డ్ లైనులోకి వచ్చి, వంకాయల ఓటమి గురించి రెండు నిమిషాలు విచారించి, అసలు సంగతికి వచ్చాడు. తన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో కంపెనీ పంపిన ఏ ఈమెయిల్‌కూ రైతులు జవాబు రాయలేదట. ఇప్పుడు అరవై ఒక్క మంది రాశారట. ఎవరూ ఫిర్యాదు చేయలేదట. ఆయన అడిగింది ఒకటే, వాళ్ళకు మర్యాదగా తిరుగు జవాబులు ఎవరు రాస్తారు అని.

"రేఖ రాస్తుంది" అన్నారు అనిల్ గారు.

ఆమె తలెత్తి ఆయన వంక చూసింది, తరవాత బుల్లిబాబు గారి వంక చూసింది. "మా నాయినది గూడ ఎవుసమే సార్. రాస్త" అంది.

మర్నాడు పొద్దున ఆర్‌సీఏ ఫారం తెరిస్తే, ఎవరివల్ల జరిగింది అన్న గడిలో ఎంచుకోవడానికి మా పేర్లతోపాటు చివరన ఒకటి కొత్తగా కనిపించింది: సున్నా వారం. ఎవరు చేర్చారో అడగలేదు. చేర్చే అధికారం అనిల్ గారికి తప్ప ఎవరికీ లేదు. రేఖ ఫారం ఆ పేరు మీదే మూసేశారు. పాత నలభై మూడు మాత్రం మార్చడం కుదరలేదు. మూసిన ఫారాల్లో పేరు మార్చడానికి సిస్టం ఒప్పుకోదు.

ఆ రోజు కాఫీ దగ్గర నేను బుల్లిబాబు గారిని అడిగాను. "సున్నా వారం ఆటలు లెక్కలోకి వస్తాయని మీకు నిజంగా తెలియదా?"

"ఎందుకు తెలియదండి. మొదటి ఆటకు నేనక్కడే ఉన్నాను కదా. చివరి నిమిషంలో కొత్త కుర్రాడొకడు బంతి జారవిడిచాడు. పద్దెనిమిదేళ్ళుంటాయి, వాడికదే మొదటి ఆట. ఓడిపోయారు. ఇది లెక్కలోకి వస్తుందాండీ అని హెరాల్డ్‌ని అడిగాను. వస్తుందన్నాడు. ఆ కుర్రాడు మైదానంలో తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడండి. నలభై వేల మంది లేచి వెళ్ళిపోయారు, వాడు లేవలేదు."

"మరి మాకందరికీ అమెరికాలో లెక్కలోకి రాదని చెప్పారు?"

"రాకూడదు కదండీ" అన్నారు ఆయన. "అది వాళ్ళ లోపం. మనం కూడా నేర్చుకోవాలా ఏంటి."

రేఖ అరవై ఒక్క జవాబులు రాయడానికి నాలుగు రోజులు తీసుకుంది. ఆరు నెలలకు ఉద్యోగం ఖాయమైంది. ఆ జవాబుల్లో పదకొండోది మాత్రం ఒక రైతుకు పంపవలసింది హెరాల్డ్‌కు పంపింది, రైతుల దాకా వెళ్ళలేదు కనుక ఉద్యోగం తీసేసే నిబంధన తగల్లేదు. అప్పటికి ఆమెకు ఒకటో వారం వచ్చేసింది కనుక, ఆ ఫారంలో బుల్లిబాబు గారు రేఖ పేరే రాశారు.